యుద్ధాలు చేసి వచ్చిన మన మిల్ట్రీ తాతలకు ఏం చేద్దాం? నల్లగొండ, పాలమూరు వాళ్ళు చెప్పండి

నకిరేకల్_తమ్ముడు

అందరికీ నమస్కారం. వచ్చే జనవరి 14న మా మండలంలో ఉన్న మాజీ సైనికులకు సన్మానం చేద్దామని మా యువజన సంఘం అనుకుంటోంది. మన సైన్యానికి మొదటి భారతీయ సేనాధిపతి అయిన కరియప్ప గారు 1953లో రిటైరైంది ఆ రోజే. అందుకే దేశమంతా మాజీ సైనికుల దినంగా జరుపుతారు. మనకు అప్పుడు సంక్రాంతి సెలవులు. పట్నంలో ఉన్నవాళ్ళంతా ఊళ్ళకు వస్తారు, పిల్లలు కూడా ఇంటి దగ్గరే ఉంటారు. ఇంతకంటే మంచి రోజు దొరకదు అనిపించింది.

ఊరూరా అడిగితే 1971 యుద్ధం నాటివాళ్ళు కొందరు దొరికారు. 65 నాటివాళ్ళు చాలా తక్కువ. 62లో చైనా సరిహద్దుకు వెళ్ళినాయన ఒకరున్నారంటే సంబరంగా వెళ్ళాం. పోయిన ఏడే కాలం చేశారట. ఏ పల్టన్‌లో చేశారో కొడుకులకు తెలియదు. యూనిఫాంలో ఉన్న ఫొటో ఒక్కటి కూడా ఇంట్లో లేదు. అప్పటినుంచి మాకు ఒకటే తొందర. ఉన్నవాళ్ళను ఉండగానే కలవాలి.

శాలువా, మెమెంటో, భోజనం అని మొదట రాసుకున్నాం. అంతకు మించి ఏం చేస్తే బాగుంటుంది? ఇంతకు ముందు ఎవరైనా చేసి ఉంటే చెప్పండి. ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి ఎవరైనా సరే.

సూర్యాపేట_చౌరస్తా

తమ్ముడూ, మంచి పని తలపెట్టారు.

మా సూర్యాపేటలో సైనికుడు అంటే చిన్నపిల్లలు కూడా కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు గారి పేరే చెప్తారు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్‌గా ముందు నిలబడి ప్రాణాలిచ్చారు. మహావీర్ చక్ర వచ్చింది. సరిగ్గా ఏడాదికి ఇక్కడ విగ్రహం పెట్టారు. ఆయన పార్థివదేహం వచ్చిన రోజు కరోనా భయం ఉన్నా జనం రోడ్లకు అటూ ఇటూ నిలబడి పూలు చల్లారు. అది మా ఊరు చేయాల్సిన పని, చేసింది.

కానీ ప్రాణాలతో తిరిగొచ్చినవాళ్ళ సంగతి చూడండి. మా వాడకట్టులో 71 యుద్ధంలో పాల్గొన్నాయన ఒకరున్నారు. ఆయన్ను పలకరించేవాళ్ళలో సగం మంది అడిగేది మిల్ట్రీ క్యాంటీన్ మందు సీసా గురించే. "ఎక్కడ పనిచేశారు, ఏం చూశారు" అని అడిగినవాళ్ళను నేను చూడలేదు. చనిపోతేనే వీరుడు, బతికొస్తే క్యాంటీన్ కార్డు ఉన్న మనిషి. మన దగ్గర ఉన్న లోపం ఇదే.

వయసు లెక్క కూడా ఒకసారి వేసుకోండి. 71లో పద్దెనిమిదేళ్ళకు చేరినవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దాటింది. 62 నాటివాళ్ళంతా ఎనభై దాటినవాళ్ళే. వచ్చే ఏడు చూద్దాం అనుకునే వీలు లేదు.

రిటైర్డ్_హవల్దార్

జై హింద్. నేను ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో చేసి వచ్చాను. కార్గిల్ అప్పుడు ద్రాస్ వైపు ఉన్నాం. ఇప్పుడు ఉండేది మిర్యాలగూడలో. మీరు నాకంటే పెద్దవాళ్ళ గురించి అడుగుతున్నారు కాబట్టి తెలిసింది చెప్తాను.

ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి. అక్కడ పేరు నమోదు చేసుకున్న మాజీ సైనికుల, చనిపోయినవాళ్ళ భార్యల వివరాలు ఉంటాయి. అయితే ఆ లిస్టుతో ఆగొద్దు. ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో చేసి ఏదో కారణంతో ఇంటికొచ్చినవాళ్ళు చాలామంది అక్కడికి వెళ్ళనే లేదు. పింఛను రావాలంటే 15 ఏళ్ళ సర్వీసు ఉండాలి. పింఛను లేదు కాబట్టి ఆఫీసుతో పనేముంది అనుకుని ఊరుకున్నారు. యుద్ధం చేసి కూడా ఏ కాగితంలోనూ కనిపించనిది వీళ్ళే. ఊళ్ళో ముసలివాళ్ళను అడిగితే వీళ్ళ ఆచూకీ దొరుకుతుంది.

ఇంటికి వెళ్ళినప్పుడు డిశ్చార్జ్ బుక్ చూపించమనండి. ఆర్మీ నంబరు, ర్యాంకు, ట్రేడ్ (చేసిన పని), చేరిన తేదీ, బయటికి వచ్చిన తేదీ, వచ్చిన మెడల్స్ అన్నీ అందులో ఉంటాయి. బుక్ చెదలు తినేసిందంటారు, ఇల్లు కూలినప్పుడు పోయిందంటారు. అప్పుడు మెడల్ అడగండి. మెడల్ బొమ్మ వైపు కాకుండా అంచు చూడండి. చుట్టూ సన్న అక్షరాల్లో నంబరు, పేరు చెక్కి ఉంటాయి. మసి పట్టి ఉంటే మెత్తని గుడ్డతో తుడిచి, పక్కనుంచి సెల్‌ఫోన్ లైటు వేస్తే చదవొచ్చు. చింతపండు పెట్టి తోమొద్దు, అక్షరాలు అరిగిపోతాయి.

ఏ మెడల్ ఏమిటో తెలిస్తే ఆయన ఎక్కడున్నాడో తెలుస్తుంది. 71లో తూర్పున, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ వైపు ఉన్నవాళ్ళకు పూర్వీ స్టార్. పడమటి సరిహద్దులో ఉన్నవాళ్ళకు పశ్చిమీ స్టార్. సంగ్రామ్ మెడల్ కూడా ఆ యుద్ధానిదే. 65 యుద్ధానికి సమర్ సేవా స్టార్, రక్షా మెడల్. మా కార్గిల్‌కు ఆపరేషన్ విజయ్ స్టార్, ఆపరేషన్ విజయ్ మెడల్.

నంబరు దొరికితే ఆ విభాగం సైనికుల సర్వీసు వివరాలుండే రికార్డ్ ఆఫీసుకు రాయొచ్చు. మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్, ఆర్టిలరీకి నాసిక్, మద్రాస్ సాపర్స్‌కు బెంగళూరు, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, మెడికల్ కోర్‌కు లక్నో. ఈఎంఈ (బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగం), ఆర్డ్‌నెన్స్ (ఆయుధాలు, సామాన్లు అందించే విభాగం) వాళ్ళవి మన సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి.

ఇంకో మాట. తాతకు మతిమరుపు వచ్చిందని ఇంట్లోవాళ్ళు చెప్పినా వెనక్కి రాకండి. పేరూ ఊరూ తర్వాత, ముందు నంబరు అడిగి చూడండి.

దేవరకొండ_దారి

ఒక సందేహం. యుద్ధంలో పాల్గొన్నవాళ్ళు అంటే ఎవరిని తీసుకుంటారు? మా పెద్దనాయన ఈఎంఈలో వెహికల్ మెకానిక్. 71లో జమ్మూ దగ్గర వర్క్‌షాప్‌లో ఉన్నాడు. తుపాకీ పేల్చలేదు. ఇదివరకు ఒక సభలో ఆయన్ను పిలిచి, తీరా వేదిక మీదికి ఎక్కే ముందు "మీరు ఫ్రంట్‌లో లేరు కదా" అని కింద కూర్చోబెట్టారు. అప్పటినుంచి మిల్ట్రీ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతాడు.

రిటైర్డ్_హవల్దార్

ఆ మాట అన్నవాళ్ళకు సైన్యం అంటే ఏమిటో తెలియదు. మా గన్ పేలాలంటే గుండు రావాలి, గుండు తేవడానికి లారీ నడవాలి, లారీ నడవాలంటే మీ పెద్దనాయన లాంటివాళ్ళు మంచులో దాని కింద పడుకుని బోల్టులు బిగించాలి. వంటవాడు, బార్బర్, సిగ్నల్ వైరు పరిచేవాడు, స్ట్రెచర్ మోసేవాడు, అందరిదీ యుద్ధమే. విమానాలు బాంబులు వేసేటప్పుడు ట్రేడ్ చూసి వేయవు.

మీ పెద్దనాయనకు నా తరఫున నమస్కారం చెప్పండి. వీలైతే ఫోన్ కలపండి, నేను మాట్లాడతాను.

దేవరకొండ_దారి

తప్పకుండా సార్. ఈ రాత్రే కలుపుతాను.

బాపు_బిడ్డ

నేను హుజూర్‌నగర్ వైపు నుంచి రాస్తున్నాను. మా బాపు 71లో తూర్పు వైపు ఉన్నాడు. పూర్వీ స్టార్ ఉంది. సన్మానం అనే మాట చూసి రాయకుండా ఉండలేకపోతున్నాను.

కొన్నేళ్ళ కింద ఒక సంస్థ వాళ్ళు డిసెంబర్ 16న విజయ్ దివస్ అని పిలిచారు. పొద్దున తొమ్మిదింటికి రమ్మన్నారు. బాపు తెల్లవారుజామునే లేచి, కోటు ఇస్త్రీ చేయించుకుని, మెడల్స్ పెట్టుకుని కూర్చున్నాడు. ఆటోలో తీసుకుపోయాం. ముఖ్య అతిథి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. షామియానా కొంచెమే వేశారు, ముసలివాళ్ళ వరుస ఎండలోకి వచ్చింది. వాళ్ళలో షుగర్ ఉన్నవాళ్ళున్నారు, బాత్రూం ఎక్కడని అడిగితే చూపించే దిక్కు లేదు. ఉపన్యాసాలు అయ్యాక ఒక్కొక్కరినీ పిలిచి శాలువా కప్పారు. బాపు పేరు తప్పు చదివారు. ఆయన మద్రాస్ రెజిమెంట్ అయితే ఇంకేదో చెప్పారు. ఆయన మైకు దగ్గరికి వెళ్ళి "అది కాదు సార్" అని సరిచేయబోతే, టైం లేదని పక్కకు జరిపారు. ఫొటోలో మా బాపు సగమే పడ్డాడు.

ఆటోలో వచ్చేటప్పుడు ఏమీ మాట్లాడలేదు. ఇంటికి రాగానే మెడల్స్ తీసి ట్రంకు పెట్టెలో పెట్టాడు. ఆ పెట్టె నల్లది, మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, పేరు ఆయనే రాసుకున్నది. తాళం వేసి తాళంచెవి అవ్వ చేతికిచ్చాడు. మళ్ళీ ఎవరు పిలిచినా వెళ్ళలేదు.

అందుకే చెప్తున్నా తమ్ముడూ. చేస్తే మర్యాదగా చేయండి. పిలిచే ముందు పేరు, నంబరు, రెజిమెంట్, ర్యాంకు కాగితం మీద రాయించుకుని వాళ్ళకే చూపించి సరిచేయించుకోండి. అతిథి కోసం ముసలివాళ్ళను కూర్చోబెట్టొద్దు. కావాలంటే అతిథినే ముందు వచ్చి కూర్చోమనండి.

నకిరేకల్_తమ్ముడు

అక్కా, చదువుతుంటే గొంతు పట్టేసింది. ఒక్కటి కూడా అలా జరగనివ్వం. బాపును కలవడానికి మేం హుజూర్‌నగర్ రావచ్చా?

బాపు_బిడ్డ

అడిగి చెప్తాను. ఒప్పుకుంటాడో లేదో తెలియదు.

పాలమూరు_టీచర్

నేను జడ్చర్ల దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్తాను. సభల సంగతి నాకు తెలియదు గానీ, బడికి పిలిచిన అనుభవం ఉంది, అది రాస్తాను.

మా స్కూలుకు దగ్గరి ఊళ్ళో 71లో పంజాబ్ సరిహద్దులో పనిచేసిన తాత ఉన్నారు. తొమ్మిదో తరగతి పిల్లలతో మాట్లాడమని అడిగాను. "నాకు ఉపన్యాసం రాదు బిడ్డా" అన్నారు. ఉపన్యాసం వద్దు తాతా, పిల్లలు అడుగుతారు, మీరు చెప్పండి అన్నాను. వేదిక వేయలేదు. చెట్టు కింద కుర్చీ వేసి చుట్టూ పిల్లలను కూర్చోబెట్టాను.

మొదటి ప్రశ్న అందరూ ఊహించేదే, "ఎంతమందిని చంపారు తాతా?" నాకు కంగారు పుట్టింది. ఆయన కాసేపు ఆగి, "అది అడగొద్దు. ఏం తిన్నామో అడుగు చెప్తా" అన్నారు. ఇక అక్కడినుంచి గంటన్నర. పాలమూరులో జొన్నరొట్టె తిని పెరిగిన పిల్లవాడు మొదటి రోజు సైన్యం వంటశాల లంగర్‌లో పప్పు, పూరీ చూసి ఎంత తిన్నాడో చెప్పారు. రెండేళ్ళు వరుసగా వానలు లేక, ఇంట్లోవాళ్ళు వలస పోతుంటే తాను భర్తీ లైన్లో నిలబడ్డానన్నారు. హిందీ రాదు. అప్పట్లో పల్టన్‌లో హిందీని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి నేర్పేవారట. ఆయన ఇప్పటికీ హిందీ అలాగే రాస్తారు. బోర్డు మీద రాసి చూపించమంటే పిల్లలంతా లేచి ముందుకొచ్చారు. ఇంటికి ఉత్తరం రాయడం, రాసిన ఊరి పేరు ఉండకపోవడం, అడ్రసు అంటే నంబరు, పేరు, యూనిట్, కింద 56 ఏపీఓ (సైన్యం పోస్టాఫీసు) అంతే. ఇక్కడ వాళ్ళమ్మకు కొడుకు ఏ దిక్కున ఉన్నాడో తెలియదు. పోస్ట్‌మ్యాన్ వచ్చిన రోజు పండుగ, రాని రోజుల్లో ఎవరినీ ఏమీ అడిగేది కాదట.

కాల్పుల విరమణ రేడియోలో విన్న రాత్రి ఏం చేశారు అని ఒక అమ్మాయి అడిగింది. "బూట్లు విప్పినం" అన్నారు. అంతే. పాదాలు ఎలా ఉన్నాయో చెప్పబోయి ఆపేశారు.

1971 డిసెంబర్ 3 నుంచి 16 దాకా, ఢాకాలో జనరల్ నియాజీ లొంగుబాటు, 93,000 మంది ఖైదీలు. పాఠంలో నేను ఏటా చెప్పేవే. ఆ ఏడాది మాత్రం పిల్లలు పరీక్షలో రాసిన జవాబులు వేరేగా ఉన్నాయి.

కాబట్టి నా సలహా: సభకు తోడు బడి కూడా పెట్టుకోండి. పెద్ద మైకు వద్దు. వాళ్ళు చెప్పేది ఫోన్‌లో రికార్డ్ చేయండి, వాళ్ళ అనుమతి తీసుకుని. ఆ తాత మనవళ్ళు కూడా ఆ రోజే మొదటిసారి విన్నామన్నారు.

అచ్చంపేట_కొండలు

టీచర్ గారూ, బాగా చెప్పారు. నల్లమల వైపు ఊళ్ళలో ఉన్నవాళ్ళు జిల్లా కేంద్రానికి రావడం కష్టం. మా మామ కీళ్ళనొప్పులతో బస్సు ఎక్కలేడు. మహబూబ్‌నగర్‌లో సభ అంటే ఆయన లేనట్టే. నాగర్‌కర్నూల్ వేరే జిల్లా అయ్యాక కాస్త దగ్గరైంది గానీ, రాలేనివాళ్ళ ఇళ్ళకు మనమే వెళ్ళాలి. సర్పంచ్, ఇద్దరు పెద్దమనుషులు, బడిపిల్లలు ఇంటిముందుకు వస్తే ఆ వాడకట్టంతా చూస్తుంది. సభలో కప్పే శాలువా ఊళ్ళో ఎవరికీ కనపడదు.

మూసీ_ఒడ్డు

అందరికీ నమస్తే. నా మాట కొంచెం వేరేగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నల్లగొండ జిల్లాలో సన్మానం అంటే ముందు గుర్తుకు రావాల్సింది సాయుధ పోరాట యోధులు. 1946 నుంచి 51 దాకా ఇక్కడి ఊళ్ళు దొరల మీద, రజాకార్ల మీద కొట్లాడాయి. 2022 మార్చిలో మల్లు స్వరాజ్యం గారు పోయారు. ఇంకా బతికున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఇంకో సంగతి కూడా ఉంది. 1948 సెప్టెంబర్ 13న మొదలైన పోలీసు చర్య 17న ముగిసింది గానీ, తర్వాత మూడేళ్ళు మా ఊళ్ళలో సైన్యం క్యాంపులు ఉన్నాయి. పోరాటంలో ఉన్న కమ్యూనిస్టు దళాల కోసం ఊళ్ళు గాలించారు. మా నాయినమ్మ వాళ్ళన్నను అలా పట్టుకుపోయారు. మా ఇంట్లో చాలా ఏళ్ళు మిల్ట్రీ లారీ అంటే భయమే. నేను సైనికులకు వ్యతిరేకం కాదు. మా జిల్లా చరిత్రలో ఇది కూడా ఉందని గుర్తుచేస్తున్నాను.

సూర్యాపేట_చౌరస్తా

అన్నా, మీరు చెప్పింది నిజం. పోరాట యోధులను మరిచిపోమని ఎవరూ అనడం లేదు. కానీ రెండింటినీ ఒకే వేదిక మీద కలిపితే ఎవరికీ న్యాయం జరగదు. వాళ్ళకు సెప్టెంబర్‌లో వేరే రోజు ఉంది, స్వాతంత్ర్య సమరయోధుల పింఛను వేరే ఉంది. ఇది 62, 65, 71, కార్గిల్ వాళ్ళ గురించి.

రిటైర్డ్_హవల్దార్

మూసీ ఒడ్డు అన్నా, మీ నాయినమ్మ గారి బాధ నాకు అర్థమవుతుంది. ఒక్కటి అడుగుతాను. 62 తర్వాత సైన్యాన్ని బాగా పెంచారు, ఊళ్ళలో భర్తీలు జోరుగా జరిగాయి. అప్పుడు మీ ఊరి నుంచి ఎవరూ చేరలేదా?

మూసీ_ఒడ్డు

చేరారు. మా ఇంట్లోనే. నాయినమ్మ మరిది, మేం పెద్దతాత అంటాం. 1963లో చేరాడు, 65లో ఉన్నాడు. చేరేటప్పుడు ఇంట్లో పెద్ద గొడవ జరిగిందట. "వదిన అన్నను పట్టుకపోయినోళ్ళల్ల కలుస్తవా" అని వాళ్ళమ్మ అన్నం పెట్టలేదట. సెలవు మీద వచ్చినప్పుడు యూనిఫాం ఊరి బయటే విప్పి, లుంగీ కట్టుకుని ఇంటికి వచ్చేవాడట. మేం చిన్నప్పుడు విన్నాం ఈ ముచ్చట.

ఇంకా ఉన్నాడు. ఎనభై దాటాయి. 65 గురించి ఆయన్ను ఎవరూ అడగలేదు, మేం కూడా. మీ లిస్టులో ఆయన పేరు రాసుకోండి.

నకిరేకల్_తమ్ముడు

రాసుకున్నాం అన్నా. 65 నాటివాళ్ళు మాకు ఇప్పటిదాకా ఇద్దరు ముగ్గురే. ఆయన దగ్గరికి మీరే ముందు వెళ్ళి మాట్లాడండి, తర్వాత మేం వస్తాం.

ముత్తాత_ముచ్చట

62 కంటే వెనక్కి వెళ్తే ఇంకో వరుస ఉంది. నిజాం సైన్యం. మా ముత్తాత హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీలో మలయాకు (ఇప్పటి మలేసియా) వెళ్ళారని ఇంట్లో చెప్పుకునేవారు. పుస్తకాల్లో చూస్తే 1941 డిసెంబర్‌లో జపాన్ వాళ్ళు కోటా బారు తీరాన దిగినప్పుడు అక్కడి ఏర్‌ఫీల్డ్ దగ్గర ఒకటో హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్, అమెరికాల మీద జపాన్ దెబ్బ మొదట పడింది అక్కడే, పెర్ల్ హార్బర్ కంటే కూడా కాస్త ముందే. అక్కడ మన తెలంగాణ పల్లెల నుంచి వెళ్ళినవాళ్ళున్నారు. తర్వాత 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది, వేలమంది భారత సైనికులు ఖైదీలయ్యారు.

ఇప్పుడు వాళ్ళలో ఎవరైనా ఉంటే నూరేళ్ళు దాటి ఉంటారు. ఉండకపోవచ్చు. కానీ వాళ్ళ కొడుకులు, కూతుళ్ళు ఉన్నారు. పాత మెడల్ మీద ఇంగ్లండ్ రాజు బొమ్మ ఉంటే పారేయొద్దని, అమ్మేయొద్దని చెప్పండి. మా ఇంట్లో ఒకదాన్ని పాత సామాన్ల వాడికి వేసేశారు.

పింఛన్_పనులు

చర్చ బాగా నడుస్తోంది. నేను చెప్పేది చప్పగా ఉంటుంది గానీ, చాలా ఇళ్ళలో అన్నిటికంటే అవసరమైనది ఇదే. మాజీ సైనికుల కాగితాల పని నేను కొన్నేళ్ళుగా చూస్తున్నాను. ఇంటికి వెళ్ళే ప్రతి టీమ్ శాలువాతో పాటు ఈ విషయాలు కూడా అడిగి రావాలి.

మొదటిది పింఛను లేనివాళ్ళ సంగతి. హవల్దార్ ర్యాంకు వరకు, 65 ఏళ్ళు దాటి, ఏ పింఛనూ లేని మాజీ సైనికులకు, అలాంటివాళ్ళు చనిపోతే భార్యలకు కేంద్రీయ సైనిక్ బోర్డు నెలనెలా ఆర్థిక సాయం ఇస్తుంది. నెలకు 4,000 రూపాయలు ఉండేది, 2025 నవంబర్ 1 నుంచి 8,000 చేశారు. దరఖాస్తు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా వెళ్తుంది. డిశ్చార్జ్ బుక్ కావాలి. ఇది ఉందనే సంగతే ఊళ్ళలో తెలియదు. ఉపాధి పనికి పోతున్న 71 నాటి సిపాయి భార్యను నేను చూశాను. ఆమెకు ఈ సాయం వస్తుందని చెప్పేవాళ్ళు అన్నేళ్ళలో ఒక్కరూ లేరు.

రెండోది ఎనభై దాటినవాళ్ళ పింఛను. 80 నిండితే మూల పింఛను మీద 20 శాతం అదనంగా రావాలి. 85కు 30, 90కి 40, 95కు 50, నూరేళ్ళకు నూరు శాతం. ఇది ఫ్యామిలీ పింఛనుకు కూడా వర్తిస్తుంది. చిక్కంతా పుట్టిన తేదీ దగ్గరే. చాలామంది అవ్వల పుట్టిన తేదీ రికార్డుల్లో ఉండనే ఉండదు, ఉన్నా ఆధార్‌తో కలవదు. అందుకని ఎనభై ఐదేళ్ళ మనిషికి కూడా అదనం పడదు. తాత బతికి ఉండగానే భార్య పేరు, పుట్టిన తేదీ పీపీఓలో (పింఛను మంజూరు పత్రంలో) ఎలా ఉన్నాయో చూసి, తేడా ఉంటే రికార్డ్ ఆఫీసులో పార్ట్ టూ ఆర్డర్ (వివరాలు సరిచేసే ఉత్తర్వు) చేయించాలి. ఆయన పోయాక అదే పనికి ఆ ముసలామె ఎన్ని గడపలు ఎక్కాలో నేను చూస్తూనే ఉన్నాను.

మూడోది లైఫ్ సర్టిఫికెట్, అంటే బతికే ఉన్నామనే రుజువు. పింఛన్లు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారాక ఏటా ఇది ఇవ్వకపోతే డబ్బు ఆగిపోతుంది. పొలం పని చేసి చేసి వేలిముద్రలు అరిగిపోయాయి, మెషిన్ తీసుకోదు, ముసలాయన టెన్షన్ పడతాడు. ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ (అదే సర్టిఫికెట్, ఆన్‌లైన్‌లో) ఇవ్వొచ్చు. మీ సంఘం పిల్లలు ఒకరోజు కూర్చుంటే మండలం మొత్తానికీ అయిపోతుంది.

దేవరకొండ_దారి

పింఛన్ పనులు సార్, మీరు రాసిన రెండోది చదివి వెంటనే మా పెద్దమ్మ పీపీఓ తీసి చూశాం. పేరులో ఒక అక్షరం తేడా, పుట్టిన తేదీ గడి ఖాళీ. పెద్దనాయన ఉండగానే తెలిసింది. మీకు రుణపడి ఉంటాం.

హవల్దార్ సార్‌తో పెద్దనాయన ఫోన్‌లో చాలాసేపు మాట్లాడాడు. ఏ గేర్‌బాక్సు, ఏ బండి అని వాళ్ళిద్దరి మాటలు మాకు సగం అర్థం కాలేదు. పడుకునే ముందు మా అమ్మతో "అతనికి తెలుసు" అన్నాడట.

వనపర్తి_వాసి

శ్రీలంక వెళ్ళినవాళ్ళను ఎవరూ తలుచుకోలేదు. 1987 నుంచి 90 దాకా శాంతి సైన్యంగా పంపారు. వెయ్యిమందికి పైగా మనవాళ్ళు అక్కడ చనిపోయారు. మా బావ జాఫ్నాలో గాయపడి వచ్చాడు. 71 వాళ్ళకు డిసెంబర్ 16 ఉంది, కార్గిల్ వాళ్ళకు జూలై 26 ఉంది. మా బావకు ఏ రోజూ లేదు. కొలంబోలో మన సైనికుల పేర్లతో స్మారకం కట్టారు, ఇక్కడ వాళ్ళ గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. గెలుపు అని చెప్పుకోలేని చోటికి పంపినా, పంపింది మనమే కదా. లిస్టులో వాళ్ళనూ చేర్చండి.

రిటైర్డ్_హవల్దార్

చేర్చాల్సిందే. ఇందులో రెండో మాట లేదు.

నల్లగొండ_క్లాక్‌టవర్

అంతా బాగుంది గానీ ఖర్చు ఎవరు పెడతారు? ఒక పెద్ద నాయకుడిని ముఖ్య అతిథిగా పిలిస్తే షామియానా, భోజనాలు ఆయనే చూసుకుంటారు. పేపర్లో కూడా వస్తుంది. నలుగురు పెద్దలు వస్తేనే ముసలివాళ్ళకూ గౌరవం.

బాపు_బిడ్డ

అన్నా, నేను పైన రాసింది మరోసారి చదవండి. ఫ్లెక్సీలో అతిథి ఫొటో గుమ్మడికాయంత ఉంటుంది, సైనికుల పేర్లు అడుగున చీమల్లా ఉంటాయి. ఆ ఖర్చు మిగిలించినా భోజనాలకు సరిపోతుంది.

పాలమూరు_టీచర్

నాయకులు రావొద్దని అనను. రావాలి, కూర్చుని వినాలి. వాళ్ళ చేతిలో పనులు కూడా ఉంటాయి. పింఛన్ పనులు గారు చెప్పినవాటిలో ఆగిపోయిన ఫైళ్ళు కదలాలంటే వాళ్ళ మాట ఉపయోగపడుతుంది. కానీ మైకు ముందు తాతల చేతికి వెళ్ళాలి. ఆరోజు మాట్లాడేది వాళ్ళే.

ఖర్చంటారా, ఊరి భోజనం ఊరు వండుకుంటుంది. పండుగ రోజు ఎలాగూ ప్రతి ఇంట్లో సకినాలు, అరిసెలు ఉంటాయి.

నల్లగొండ_క్లాక్‌టవర్

సరే. బియ్యం నా తరఫున పంపిస్తాను. ఫ్లెక్సీ వద్దు.

నకిరేకల్_తమ్ముడు

అందరి మాటలూ మా సంఘంలో చదివి వినిపించాను. అనుకున్నవి చాలా మారాయి. మెమెంటోలు ఆపేశాం. ఆ డబ్బుతో ఒక్కొక్కరి డిశ్చార్జ్ బుక్, పీపీఓ, పాత ఫొటోలు స్కాన్ చేయించి, ఒక సెట్ ఫైల్‌లో పెట్టి వాళ్ళకే ఇస్తాం. పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఏదైనా ఉంటే పెద్దది చేయించి ఫ్రేమ్ కట్టిస్తాం. రాలేనివాళ్ళ ఇళ్ళకు పండుగకు ముందు వారమే వెళ్తాం. పొద్దున పదికి మొదలుపెట్టి పన్నెండున్నరకు భోజనాలు. ఎవరు వచ్చినా రాకపోయినా పదికే మొదలు.

గ్రామపంచాయతీ గోడ మీద ఊరి సైనికుల పేర్ల బోర్డు పెట్టమని సర్పంచ్ గారిని అడిగాం, ఒప్పుకున్నారు. పేరు, యుద్ధం, సంవత్సరం ఉంటాయి. బతికున్నవాళ్ళ పేర్లు కూడా రాయొచ్చా అని ఒకరు అనుమానపడ్డారు. బతికున్నవాళ్ళు చదువుకోవాలనే రాస్తున్నాం అని చెప్పాం.

మా పక్క మండలంవాళ్ళు కూడా చేస్తామంటున్నారు. పాలమూరు వైపు టీచర్ గారూ, అచ్చంపేట అన్నా కలిసి చూసుకుంటామన్నారు.

మూసీ_ఒడ్డు

పెద్దతాత దగ్గరికి వెళ్ళొచ్చాను. 65 గురించి అడిగితే ముందు "ఇప్పుడెందుకురా" అన్నాడు. తర్వాత చాలా చెప్పాడు, ఇక్కడ రాయను, ఆయన్ను అడిగి రాస్తాను. సమర్ సేవా స్టార్ ఉంది, దేవుడి గూట్లో పటాల వెనక. రిబ్బన్ పూర్తిగా పోయింది. హవల్దార్ సార్, కొత్త రిబ్బన్ ఎక్కడ దొరుకుతుంది?

రిటైర్డ్_హవల్దార్

సికింద్రాబాద్‌లో మిలిటరీ సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది అన్నా. మెడల్ ఫొటో పంపండి, రంగులు చూసి నేనే తెస్తాను. మీరు వేరే రంగు కట్టించొద్దు.

బాపు_బిడ్డ

తమ్ముడూ, బాపుతో మాట్లాడాను. మొదట వద్దన్నాడు. మీరు మెమెంటోలు మానేసి కాగితాలు సరిచేస్తున్నారని, మైకు తాతలకే ఇస్తారని చదివి వినిపించాను. రెండు రోజులు ఏమీ అనలేదు. నిన్న సాయంత్రం అవ్వను తాళంచెవి అడిగాడు.

వస్తానన్నాడు, కానీ ఒకటి అడుగుతున్నాడు. ఆయన పల్టన్‌లోనే పనిచేసిన మిత్రుడు ఒకాయన ఉండేవాడు, కోదాడ దగ్గర ఊరు. ఇద్దరూ ఒకే రోజు భర్తీ అయ్యారు. ఆయన తొమ్మిదేళ్ళకే తండ్రి పోయాడని ఇంటికి వచ్చేశాడు, పింఛను లేదు, చనిపోయి కూడా చాలా ఏళ్ళయింది. భార్య ఉంది, కొడుకు దగ్గర. "ఆమెను ముందు పిలవండి, ఆ తర్వాత నన్ను" అంటున్నాడు. ఆమె దగ్గర డిశ్చార్జ్ బుక్ లేదట. మిత్రుడి నంబరు మాత్రం బాపుకు నోటికొచ్చు.

పింఛన్_పనులు

అక్కా, నంబరు ఉంటే చాలు, వెల్లింగ్టన్‌కు రాసి సర్వీసు వివరాలు అడుగుదాం. నంబరు, పేరు, భర్తీ అయిన సంవత్సరం బాపు చేతనే ఒక కాగితం మీద రాయించండి. ఆమె ఆధార్, భర్త మరణ ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు తీసి ఉంచమనండి. వచ్చే సోమవారం నేను కోదాడ వైపే వస్తున్నాను, వాళ్ళింటికి వెళ్తాను.

రిటైర్డ్_హవల్దార్

సోమవారం నేనూ వస్తాను. మిర్యాలగూడలో ఎక్కించుకోండి.